రణద్వీపం నిర్వాసితులు

మట్టపర్తి సూర్యభాస్కరం చినలంక మండల పరిషత్తులో విస్తరణాధికారి. విస్తరణాధికారి అంటే ఏం విస్తరిస్తాడని ఇరవై ఆరేళ్ల సర్వీసులో చాలామంది ఆయన్ని అడిగారు. ప్రభుత్వ పథకాలను ప్రజల దాకా విస్తరింపజేసేవాడని శిక్షణలో చెప్పారు గానీ, పథకాలు వాటంతట అవే వచ్చి వాటంతట అవే పోతూ ఉండటం వల్ల ఆయన చెయ్యి పెట్టాల్సిన అవసరం పెద్దగా పడలేదు. ఏ సెక్షనుకీ చెందని కాగితం ఆఫీసుకొస్తే మాత్రం అది తిరిగి తిరిగి ఆయన బల్ల మీదికే చేరేది. దోమల నివారణ వారోత్సవం, తప్పిపోయిన గేదె, యోగా దినోత్సవానికి చాపలు, ఇవన్నీ ఆయన శాఖలే.

అలా వచ్చిందే మూడేళ్ల కిందట ఓ సర్క్యులరు. ఆన్‌లైన్ ఆటల వల్ల కలిగే అనర్థాల మీద హైస్కూలు పిల్లలకు గంటసేపు అవగాహన కల్పించవలెనని దాని సారాంశం. తెలియని విషయం మీద మాట్లాడటం భాస్కరానికి ఇష్టం ఉండదు. ఈ అలవాటు వల్లే ఆయనకి ప్రమోషన్ రాలేదని భార్య అంటుంది. అనర్థం ఏదో తెలుసుకుందామని పిల్లలంతా ఆడే రణద్వీపం అనే తుపాకుల ఆటను ఫోన్లోకి దింపుకున్నాడు. ఉపన్యాసం అయిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆట మాత్రం ఫోన్లోంచి పోలేదు.

ఆ ఆటలో విమానంలోంచి ఓ ద్వీపం మీదికి దూకాలి. ఇద్దరిద్దరు జంటగా ఉండి, మిగతావాళ్లను కాల్చుకుంటూ చివరిదాకా బతకాలి. ఎవరికెవరు జంటో దగ్గర్లో ఆడేవాళ్లలోంచి ఆటే ఒకసారి నిర్ణయిస్తుంది, ఆ జంట ఇక మారదు. మొదటి సాయంత్రమే భాస్కరానికి 'గంగబోండం 62' అనే పేరుగల మనిషి జంటగా పడ్డాడు. మూడు రోజులు తిరక్కుండానే అతనెవరో భాస్కరానికి తెలిసిపోయింది. ఆ చుట్టుపక్కల గంగబోండం కొబ్బరిచెట్లు పెంచేది కాలవకి అవతల పెదలంకలో ఉండే ఒక్కడే. అరవై రెండు అతను పుట్టిన సంవత్సరం. పైగా ఆటలో ఆ మనిషి తుపాకులు ముట్టడు. దారిలో కనపడిన కట్టుగుడ్డలూ మందుపెట్టెలూ పనికొస్తాయని ఏరి సంచిలో వేసుకుంటాడు, భాస్కరానికి దెబ్బ తగిలినప్పుడల్లా పాక్కుంటూ వచ్చి కట్టు కడతాడు. వంగిన మేకును కూడా పారెయ్యకుండా డబ్బాలో దాచే మనిషి ఈ భూమ్మీద భాస్కరానికి ఒక్కడే తెలుసు. వాళ్లన్నయ్య వీరభద్రం.

అన్నదమ్ములకి మాటల్లేక అప్పటికే ఆరేళ్లు. వీరభద్రం కూతురి పెళ్లి శుభలేఖలో ఆహ్వానించువారు అన్న చోట బావమరుదుల పేర్లున్నాయి, తోడల్లుడి పేరుంది, గ్రామ సర్పంచి పేరు కూడా ఉంది, సొంత తమ్ముడి పేరు లేదు. ప్రెస్సువాడి పొరపాటని వీరభద్రం కబురంపాడు. ప్రూఫు ఎవరు దిద్దారని భాస్కరం తిరుగు కబురంపాడు. దిద్దింది వీరభద్రమే. భాస్కరం పెళ్లికి వెళ్లి, అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వచ్చేశాడు. తినకుండా రావడమంటే కోనసీమలో చిన్న విషయం కాదు. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఆటలో మైకు ఉంది. ఇద్దరూ దాన్ని ఆపేసుకున్నారు. ఆటవాళ్లే తయారుచేసి పెట్టిన వాక్యాలు నాలుగుంటాయి, నొక్కితే అవతలివాడికి వినపడతాయి. శత్రువు వస్తున్నాడు. మందు కావాలి. ఇటు రా. బాగా ఆడావు. రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ద్వీపంలోని పాత లైట్‌హౌస్ మెట్ల మీద ఆ ఇద్దరూ ఈ నాలుగు మాటల్తోనే మూడేళ్లు గడిపారు. తానెవరో అన్నయ్యకి తెలుసునని భాస్కరానికి తెలుసు. ఒప్పుకునే అవసరం ఎవరికీ రాలేదు గనక రోజులు హాయిగా వెళ్లిపోతున్నాయి.

ఇంతలో ఆట కంపెనీ మహా విస్తరణ ప్రకటించింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మంచుకొండలు, ఆకాశ వంతెన, పదకొండు కొత్త తుపాకులు. పాత ద్వీపం సముద్రంలో మునిగిపోతుంది. పాత జంటలు రద్దవుతాయి, కావలసినవారు ఒకరినొకరు పేరుపెట్టి ఆహ్వానించుకోవలెను.

నమూనాగా రెండు రోజులు కొత్త ప్రాంతం చూడనిచ్చారు. భాస్కరం చూశాడు. జీవితంలో మంచు చూసినవాడు కాదేమో, దాని మీద జారుతూ పోతుంటే యాభై నాలుగేళ్ల మనిషికి నవ్వాగలేదు. బాగుందని ఒప్పుకున్నాడు. కానీ ప్రకటనలోని ఆ చివరి వాక్యం గుర్తొచ్చేసరికి జారడం ఆపేశాడు. ఎవరో ఒకరు ముందు పిలవాలి. అన్నయ్య పిలవడు, పిలిచే మనిషైతే ఆనాడే పిలిచేవాడు. తను ఎందుకు పిలవాలి? ఒకటో తేదీ తర్వాత సాయంత్రాలు ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

అదే బాధ రేవు దగ్గర టైలరింగ్ షాపు నడిపే కుడిపూడి శేషకుమారికీ ఉంది. ఆవిడ జాకెట్లు కుడుతూనే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని రణద్వీపంలో తోడికోడలితో జంటగా ఆడుతుంది. ప్రభుత్వం ఏ వినతినైనా తీసుకుంటుందని ఎవరో చెబితే, సోమవారం నాడు జిల్లా కేంద్రంలో జరిగే వినతుల దినానికి వెళ్లి ఓ అర్జీ ఇచ్చేసింది. విస్తరణ పేరుతో మా ద్వీపం మునిగిపోతోంది, నలభై ఇళ్లూ వంతెనా లైట్‌హౌసూ పోతున్నాయి, కొత్త ప్రాంతం బాగానే ఉంది గానీ మనసొప్పడం లేదు, దయచేసి పాతది కూడా ఉండనివ్వాలి అని అందులో రాసింది.

అర్జీ కంప్యూటర్‌లోకి ఎక్కింది. ద్వీపం అన్న మాట చూసి కంప్యూటర్ అది గోదావరి మధ్యనున్న లంకగ్రామం అనుకుంది. మునక అన్న మాట చూసి వరద విభాగానికి ఓ ప్రతి పంపింది. విస్తరణ అన్న మాట చూసి ఇక ఏ అనుమానమూ లేకుండా విస్తరణాధికారికి పంపింది. ఏడు రోజుల్లోగా పరిష్కరించి, అర్జీదారు సంతృప్తిని నమోదు చేయవలెను.

భాస్కరం శేషకుమారి షాపుకి వెళ్లాడు. ఆవిడ మిషను ఆపి కుర్చీ వేసింది. సంతృప్తిగా ఉన్నారా లేదా అని ఆయన అడిగాడు.

"కొత్తది బాగుందండి," అంది శేషకుమారి. "అది బాలేదంటే కళ్లు పోతాయి. కానీ పాతది పోతుంటే ఏడుపొస్తందండి. రెండూ రాసేసుకోండి."

రెండూ రాద్దామని భాస్కరం ఆఫీసుకొచ్చి చూస్తే కంప్యూటర్‌లో రెండే మీటలున్నాయి. ఒకటి సంతృప్తి, రెండోది అసంతృప్తి. ఆయన ఎంపీడీఓ గదిలోకి వెళ్లి, స్పందన మిశ్రమంగా ఉందని విన్నవించాడు.

ఎంపీడీఓ చింతా రత్నశేఖర్ ఫైళ్ల మీదే పుట్టి ఫైళ్ల మీదే పెరిగినట్టు మాట్లాడే మనిషి. ఆయన పెన్ను మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"మిశ్రమ స్పందన అనేది పత్రికలకి ఉంటుంది భాస్కరం గారూ. ప్రభుత్వానికి ఉండదు. ప్రజలు ఒక విషయం మీద రెండు అభిప్రాయాలతో ఉన్నారంటే, మనం వాళ్లకి సరైన మార్గదర్శనం చెయ్యలేదని అర్థం."

ఆవిడ కళ్లు తుడుచుకునే ఉంటుంది గనక అసంతృప్తి అని పెట్టి, పరిశీలనలో ఉన్నది అని చేర్చమని సలహా ఇచ్చాడు. ఆవిడ కళ్లు తుడుచుకోలేదని భాస్కరం చెప్పబోయాడు గానీ అప్పటికే రత్నశేఖర్ మీట నొక్కేశాడు.

మునకప్రాంతంలో అసంతృప్తి అనేసరికి జిల్లాలో ఎర్రదీపం వెలిగింది. మర్నాడే వీడియో కాన్ఫరెన్స్ పెట్టారు. మునక ప్రాంతాల ప్రత్యేకాధికారి డాక్టర్ వేమవరపు అచ్యుతానందం అప్పుడే రాజధానిలో డిజిటల్ పాలన మీద రెండు రోజుల సదస్సు ముగించుకుని వచ్చాడు. సదస్సులో ఇచ్చిన సంచీ ఇంకా భుజాన్నే ఉంది. నలభై కుటుంబాలు మునుగుతుంటే మండల యంత్రాంగం ఏం చేస్తోందని ఆయన అడిగాడు. తప్పనిసరై భాస్కరం లేచి నిలబడ్డాడు.

"అయ్యా, అది ఊరు కాదండి. ఫోన్లో ఆడే ఆటండి."

తెర మీద అచ్యుతానందం కళ్లు పెద్దవయ్యాయి. అందరూ కోప్పడతాడనుకున్నారు. ఆయన కోప్పడలేదు, మురిసిపోయాడు.

"ఫోన్లో ఉందా? అంటే డిజిటల్ భూమి. నేను రెండు రోజులు సదస్సులో కూర్చున్నది దీనికోసమే. ఆ భూమి మీద ఇళ్లున్నాయా?"

"ఉన్నాయండి."

"మనుషులు వస్తూ పోతూ ఉంటారా?"

"రోజూ వస్తారండి."

"అది మునుగుతోందా లేదా?"

"మునుగుతోందండి."

"ఇళ్లుండి, మనుషులుండి, మునుగుతుంటే దాన్ని మునక ప్రాంతం అంటారు. ఫోన్లో మునిగినా, గోదాట్లో మునిగినా మునక మునకే. మన పౌరుడు ఎక్కడ మునిగితే ప్రభుత్వం అక్కడికి చేరాలి."

తెర మీద చిన్న చిన్న గళ్లలో ఉన్న అధికారులందరూ చప్పట్లు కొట్టారు. భాస్కరం కూడా కొట్టాడు. నిజం చెప్పాలంటే ఆయనకి లోపల ఓ చిన్న ఆశ పుట్టింది. ప్రభుత్వం తలుచుకుంటే పాత ద్వీపాన్ని ఉంచేస్తుందేమో, అప్పుడు ఎవరూ ఎవర్నీ పిలవాల్సిన పని ఉండదు కదా అనుకున్నాడు. ప్రభుత్వం తలుచుకున్నది ఏదైనా జరిగిందా అని అంత సర్వీసున్న మనిషి తనని తాను అడుక్కోవాల్సింది. ఆశపడ్డ మనిషికి అలాంటివి గుర్తుకు రావు.

మొదట సర్వే చెయ్యాలన్నారు. మండల సర్వేయరు గెద్దాడ సింహాచలాన్ని ద్వీపంలోకి పంపారు. విమానం నుంచి దూకి విధులకు హాజరగుటకు సర్వే నియమావళిలో ఏర్పాటు లేదని ఆయన ఓ రోజు అభ్యంతరం పెట్టి, రెండో రోజు దూకాడు. మూడు రోజుల తర్వాత నివేదిక ఇచ్చాడు. హద్దురాళ్లు లేనందున మందుపెట్టెలను హద్దురాళ్లుగా పాతితిననియు, వాటిని గుర్తుతెలియని ఒక వ్యక్తి ఏరుకొని పోయెననియు, ఈ మూడు రోజులలో తాను పంతొమ్మిది పర్యాయములు మరణించితిననియు, మరణించిన ప్రతిసారీ కొలత గొలుసు మొదటినుండి లాగవలసి వచ్చుచున్నదనియు అందులో రాశాడు. మందుపెట్టెలు ఏరుకుపోయిన వ్యక్తి ఎవరో భాస్కరానికి తెలుసు. ఫైల్లో ఏమీ రాయలేదు.

నివేదిక చివర ఇంకో మాట ఉంది. ద్వీపం విస్తీర్ణం నిలకడగా లేదు, ప్రతి నాలుగు నిమిషాలకూ తగ్గిపోవుచున్నది. ఆ ఆటలో అదే పద్ధతి. మనుషులు ఒకచోటికి చేరాలని చుట్టూ ఓ నీలివలయం బిగుసుకుంటూ వస్తుంది, దాని బయట ఉన్నవాళ్లు చస్తారు. సర్వేయరుకి అది తెలియదు. అచ్యుతానందానికి అసలే తెలియదు. నాలుగు నిమిషాలకోసారి కోతకు గురయ్యే లంకను తన సర్వీసులో చూడలేదని ఆయన ఆందోళన పడి, గట్టు వెంట ఇసుకబస్తాలు వెయ్యమని ఉత్తర్వు ఇచ్చాడు. ద్వీపంలో ఇసుకబస్తాలు ముందునుంచీ ఉన్నాయని భాస్కరం తెలియజేశాడు. ముందుచూపుతో వేసినందుకు మండల యంత్రాంగానికి ప్రశంసాపత్రం వచ్చింది.

తర్వాత గ్రామసభ. ప్రజాభిప్రాయం సేకరించకుండా ఏ విస్తరణా చెల్లదని నిబంధన ఉంది గనక, బుధవారం ఉదయం పదకొండు గంటలకి లైట్‌హౌస్ దగ్గర సభ పెట్టాలని నిర్ణయించారు. మండల పరిషత్తు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఊళ్లో దండోరా కూడా వేయించారు. దండోరా వేసినతను ఏ లైట్‌హౌసని అడిగినవాళ్లకి, ఫోన్లోదట అని చెప్పుకుంటూ పోయాడు.

బుధవారం మండల పరిషత్తు హాల్లో పదహారుమంది అధికారులు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అచ్యుతానందం స్వయంగా వచ్చాడు. అందరూ విమానంలోంచి దూకారు. నేల మీద దిగాక ఓ ఇబ్బంది బయటపడింది. కొత్తగా చేరినవాళ్లకి ఆట బట్టలివ్వదు. బనీనూ నిక్కరూ మాత్రమే ఇస్తుంది, మిగతావి ఎవరికి వాళ్లే వెతుక్కోవాలి. ప్రత్యేకాధికారి అంతటివాడు బనీనుతో లైట్‌హౌస్ దగ్గర నిలబడితే ప్రోటోకాల్ ఏం కావాలని ఎంపీడీఓ రత్నశేఖర్ కంగారుపడి, ఇంటింటికీ పరిగెత్తి కోటు కోసం వెతికాడు. చివరికి ఓ వంటవాడి ఏప్రన్ దొరికింది. అచ్యుతానందం దాన్ని హుందాగా ధరించి, ఓ పాడైన లారీ ఎక్కి నిలబడ్డాడు.

జనం బాగానే వచ్చారు. శేషకుమారి తోడికోడల్ని తీసుకొచ్చింది. అందరికన్నా వెనక, గోడ చాటున, గంగబోండం 62 నిలబడి ఉన్నాడు. పొద్దునపూట అతన్ని అక్కడ చూడటం భాస్కరానికి అదే మొదటిసారి. సెలవురోజు బంధువులింట్లో ఎదురుపడ్డట్టు ఇబ్బందిగా అనిపించింది.

అచ్యుతానందం హాల్లో మైకులో మాట్లాడుతుంటే ఆయన బొమ్మ లారీ మీద కదలకుండా నిలబడింది. విస్తరణ అభివృద్ధికి పర్యాయపదమనీ, అభివృద్ధికి త్యాగాలు తప్పవనీ ఆయన మొదలుపెట్టాడు. కదలకుండా నిలబడ్డ మనిషిని ఆ ఆటలో ఎవరైనా కాలుస్తారు. ఏ దేశం వాళ్లో ఇద్దరు కొండ మీంచి కాల్చారు. త్యాగాలు అన్న మాట దగ్గర ప్రత్యేకాధికారి లారీ మీంచి పడిపోయాడు. ఇంతలో వలయం బిగుసుకోవడం మొదలైంది. సభను లైట్‌హౌస్ నుంచి వంతెనకీ, వంతెన నుంచి పొలాలకీ మార్చుకుంటూ పోయారు. వ్యవసాయాధికారి వంతెన దగ్గర పోయాడు. బందోబస్తుకని వచ్చిన కానిస్టేబులు మాత్రం ఎనిమిదిమందిని కాల్చి, హాలంతా తనకేసి చూస్తున్నదని గమనించి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ గందరగోళంలో భాస్కరానికీ దెబ్బ తగిలింది. వలయం బయట ఉండిపోయి, మోకాళ్ల మీద పడ్డాడు. నీలిగీత మీది మీదికి వస్తోంది. అందరూ లోపలికి పరిగెత్తిపోతుంటే ఒక మనిషి మాత్రం బయటికి వచ్చాడు. సంచి నిండా కట్టుగుడ్డలు పెట్టుకుని పాక్కుంటూ వచ్చి, కట్టు కట్టడం మొదలుపెట్టాడు. కట్టు పూర్తయ్యే లోపలే వలయం ఇద్దర్నీ దాటిపోయింది, ఇద్దరూ అక్కడే పోయారు. హాల్లో అంతమంది మధ్య కూర్చున్న భాస్కరం ఫోను బోర్లించేశాడు. కంట్లో దుమ్ము పడిందని చెప్పి లేచి వెళ్లి మొహం కడుక్కున్నాడు.

సభ తీర్మానాలను రత్నశేఖర్ ఇలా రాశాడు. గౌరవ ప్రత్యేకాధికారి వారు ప్రారంభోపన్యాసము మధ్యలో మరణించిరి. సభ వారికి ధన్యవాదములు తెలిపినది. అధికారులు గాక హాజరైన నలభై ఒక్కమందిలో ముప్ఫై తొమ్మిదిమంది మరణించినందున మెజారిటీ అభిప్రాయము తెలియరాలేదు.

అభిప్రాయం తెలియకపోతే ఒక్కటే మార్గం ఉంది. నలభై ఒక్కమంది నిర్వాసితుల్నీ విడివిడిగా పిలిచి, విస్తరణాధికారి ఎదుట ఫారం ఏడులో వాంగ్మూలం నమోదు చెయ్యాలి. నిర్వాసితుడు స్వయంగా హాజరై సంతకం చెయ్యాలి. ఒకటో తేదీ లోపల పూర్తి కావాలి. ఎవరి ఆట పేరు వెనక ఎవరున్నారో గ్రామ సిబ్బంది ఇంటింటికీ తిరిగి రెండు రోజుల్లో జాబితా చేసేశారు. ముప్ఫై ఏడో నంబరు దగ్గర మట్టపర్తి వీరభద్రం, పెదలంక, అని ఉంది.

నోటీసులు అచ్చయి సంతకానికి వచ్చాయి. పైనున్న చిరునామాదారులను ఇందుమూలముగా ఆహ్వానించడమైనది అని ప్రతిదాని మీదా ఉంది. ముప్ఫై ఆరు సంతకాలు చకచకా చేసి, ముప్ఫై ఏడో దాని దగ్గర భాస్కరం పెన్ను ఆపాడు. పిలుస్తున్నది ప్రభుత్వం, తను కాదు అని తనకి తాను మూడుసార్లు నచ్చజెప్పుకున్నాడు. కింద ముద్ర కూడా ప్రభుత్వానిదే కదా అనుకుని సంతకం పెట్టాడు.

నెలాఖరు రోజున, తన వరసలో, వీరభద్రం వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో గొడుగు, జేబులో కళ్లజోడు. జుట్టంతా నెరిసిపోయింది. ఆటలో అంత చురుగ్గా పాకే మనిషి, ఇక్కడ రెండు మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు. భాస్కరం లేవబోయి, అధికారి లేవకూడదని గుర్తొచ్చి సగంలో ఆగాడు. వీరభద్రం ఎదురు కుర్చీలో కూర్చుని నోటీసు బల్ల మీద పెట్టాడు.

"పిలిచారు, వచ్చాను," అన్నాడు.

భాస్కరం ఫారం ముందుకు లాక్కున్నాడు. పేరు అడిగాడు, వీరభద్రం చెప్పాడు, భాస్కరం రాసుకున్నాడు. రెండో గడి దగ్గర భాస్కరం గొంతు సవరించుకున్నాడు.

"తండ్రి పేరండి?"

వీరభద్రం తమ్ముడి మొహంలోకి చూశాడు.

"నీకు తెల్దా?"

"మీరు చెప్పింది రాయాలండి. ఫారంలో అలా ఉంది."

"మట్టపర్తి వెంకన్న. పేరులో తప్పు రాకుండా చూడు, ఆయనకి ఇద్దరు కొడుకులు."

భాస్కరం తలెత్తకుండా రాశాడు. ద్వీపంలో ఎంతకాలంగా ఉంటున్నారన్న ప్రశ్నకి మూడేళ్లని, రోజూ సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా అని జవాబొచ్చింది. తర్వాతి గడిలో, నివాసమునకు కారణము అని ఉంది.

"నాకు తుపాకీ కాల్చడం రాదు," అన్నాడు వీరభద్రం. "అక్కడికొకడు వస్తాడు. చూసుకోకుండా ముందుకురుకుతాడు, చిన్నప్పట్నించీ అంతే. వాడికి దెబ్బ తగిల్తే కట్టు కట్టడానికి వెళ్తాను."

ఆ గడి చిన్నది. అంత మాట అందులో పట్టదు. భాస్కరం కాగితం పక్క ఖాళీలో కూడా రాసి, మొత్తం పట్టించాడు. విస్తరణ మీద అభిప్రాయం ఏమిటని అడిగితే, మంచు చాలా బాగుందనీ, పాతది పోతుంటే రెండ్రోజుల్నించీ అన్నం సరిగ్గా తినబుద్ధి కావడం లేదనీ, రెంటిలో ఏదో ఒకటే చెప్పమంటే తనవల్ల కాదనీ వీరభద్రం అన్నాడు. భాస్కరం రెండూ రాశాడు. మీటలు లేని కాగితం గనక రాయనిచ్చింది.

చివరి గడి మిగిలింది, కుటుంబ సభ్యుల పేర్లు. వీరభద్రం భార్య పేరు చెప్పాడు. కూతురి పేరు చెప్పి, అది అత్తారింట్లో ఉంది గనక రాయాలో అక్కర్లేదో నువ్వే చూసుకోమన్నాడు. ఇంకెవరైనా ఉన్నారా అని భాస్కరం అడిగాడు. వీరభద్రం జేబులోంచి కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, పెట్టుకున్నాడు.

"ఇంకో పేరుంది," అన్నాడు. "అప్పుడు ప్రూఫు దిద్దడానికి ప్రెస్సుకి వెళ్లినప్పుడు ఇది ఇంట్లో మర్చిపోయాను. కళ్లు కనపళ్లేదు, అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టేశాను. నా పిల్ల పెళ్లికి కళ్లజోడు మర్చిపోయానని ఎవరితో చెప్పను? సిగ్గేసి ప్రెస్సువాడి మీదికి తోసేశాను. తొమ్మిదేళ్లయింది. ఇవాళ కళ్లజోడు ఉంది. నువ్వు రాయి, నేను చూస్తాను."

భాస్కరం రాశాడు. మట్టపర్తి సూర్యభాస్కరం, తమ్ముడు. చివరి సున్నా కాస్త వంకర పోయింది. వీరభద్రం ఫారం దగ్గరికి తీసుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, పైకే చదివాడు. మళ్లీ మొదట్నించి చదివాడు. సరిపోయిందని చెప్పి సంతకం పెట్టాడు. ఇప్పుడు పెదలంక వెళ్లి ఏం చేస్తావు, మా ఇంటికొచ్చి భోజనం చేసి వెళ్లమని భాస్కరం అన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడి ఇంట్లో వీరభద్రం రెండుసార్లు పప్పు వేయించుకున్నాడు.

ఒకటో తేదీన పాత ద్వీపం చెప్పిన టైముకి మునిగిపోయింది. మన గ్రామసభ సంగతి ఆట కంపెనీకి ఈనాటికీ తెలియదు. మంచుకొండల మీద మొదటి సాయంత్రం అన్నదమ్ములు ఒకర్నొకరు ఒకే క్షణంలో పిలుచుకోవడం వల్ల ఎవరి ఆహ్వానం తీసుకోవాలో తెలియక ఆట కాసేపు తికమకపడింది. లైట్‌హౌస్ లేని లోటు ఇద్దరికీ ఉంది. ఆ మాట ఇప్పుడు మైకులోనే అనుకుంటున్నారు. ఒక్క ప్రాణమూ శాశ్వతంగా పోకుండా నలభై ఒక్క డిజిటల్ కుటుంబాలకు పునరావాసం కల్పించినందుకు అచ్యుతానందానికి శాలువా కప్పారు. శేషకుమారి అర్జీ ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

రెండు నెలలకి ఆడిట్ వాళ్లు ఫారం ఏడులన్నీ తిరగేశారు. వాంగ్మూలం తీసుకున్న అధికారి పేరూ, ముప్ఫై ఏడో నిర్వాసితుడి కుటుంబ సభ్యుల్లో ఓ పేరూ ఒక్కటేనని కనిపెట్టారు. భాస్కరానికి మెమో వచ్చింది. సదరు వాంగ్మూలములో తమరి స్వప్రయోజనము కలదని అనుమానించవలసి వచ్చుచున్నది, కావున సదరు మట్టపర్తి వీరభద్రం తమకు ఏమగుదురో, ఎంతకాలము నుండి అట్లగుచున్నారో, మూడు దినములలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను, లేనియెడల శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును.

మెమోలకి భాస్కరం మామూలుగా నాలుగు పేజీలు రాస్తాడు. సూచికలు, జీవో నంబర్లు, వెనక జతపరచినవి, అన్నీ ఉంటాయి. రత్నశేఖర్ జాలిపడి, దూరపు బంధువని రాసేస్తే గొడవ వదిలిపోతుందని చెవిలో వేశాడు. భాస్కరం తెల్లకాగితం తీసుకుని, మూడు రోజులు ఆగకుండా అప్పుడే, నిలబడే, జవాబు రాసి ఇచ్చేశాడు.

మా అన్నయ్య. నేను పుట్టినప్పటి నుంచి.